చిన్నబజారు కొట్లోకి పెంపుడు కుక్క: రానివ్వాలా, తలుపు మీద బోర్డు పెట్టాలా?

చిన్నబజారు చీరలకొట్టు:

పెళ్లి ముహూర్తాలప్పుడు, సంక్రాంతి బేరాలప్పుడు కుక్కను వెంటబెట్టుకోని కొట్లోకి వచ్చేవాళ్లు ఇప్పుడు మన నెల్లూరులో కూడా ఉండారు. వద్దంటే ఆ గిరాకీ పోద్ది. రమ్మంటే లోపల కూర్చున్న నలుగురు లేచిపోతారు. తలుపు మీద బోర్డు పెట్టాలంటే ఏం రాయాల? పెంపుడు కుక్కల సంగతే అడగతా ఉండా, వీధికుక్కలది వేరే కత. కుక్కలంటే ప్రేమ ఉందా లేదా అనే గొడవలోకి పోవద్దబ్బా. తెలిసినోళ్లు లెక్కగా చెప్పండి.

నా ఓటు మాత్రం వద్దనే. చీరల కొట్లో నేల మీద పరుపు, దాని మీద తెల్ల దుప్పటి ఉంటాయి. చెప్పులు బయట విడిచి వచ్చి కూర్చుంటారు. ఒక్కో గిరాకీకి ముప్పై నలభై చీరలు విప్పి పరచాల్సి వస్తది. పట్టు మీద కుక్క వెంట్రుక పడితే చేత్తో దులిపితే పోదు, నేతలోకి గుచ్చుకుంటది. అంటుకునే రోలరు తిప్పితే జరీ పోగు లేస్తది. గోరు తగిలిందనుకో, ఒక్క పోగు లాగినా అడ్డంగా గీత పడి అక్కడికక్కడ బట్ట ముడుచుకుంటది, ఆ చీర ఇంక సెకండ్సే. వెంకటగిరి నూలు చీర మీద చొంగ పడితే గంజి కరిగి మచ్చ తేలతది. ఇంకోటి ఉంది, నవ్వొద్దు. మగ కుక్క గడప దగ్గరికి రాంగానే ముందు వాసన చూసేది బయట విడిచిన చెప్పుల్ని. తర్వాత ఏం చేస్తదో మీకే తెలుసు.

మాగుంట లేఅవుట్ రెండు కుక్కలు:

చీరల కొట్టు వరకు మీ మాటకు ఎదురు చెప్పనన్నా. పరుపు మీదికి కుక్కను తెచ్చేవాళ్లకు బుద్ధి లేదనే నేనూ అంటా. కానీ దాన్ని పట్టుకుని బజారు మొత్తానికి ఒకే బోర్డు రాస్తే ఎట్టా? సెల్‌ఫోన్ల కొట్టు, పెయింట్ల కొట్టు, మొక్కల నర్సరీ, కుక్కల మేత అమ్మే కొట్టు, వీటిల్లో కుక్క నిలబడితే పాడయ్యేదేముంది?

కొట్లోకి తీసుకుపోదగ్గ కుక్కకు ఏం రావాలో చెప్తా. గడప దగ్గర చెప్పకుండానే ఆగాలి, చెప్పినాకే కదలాలి. పక్కన ఎవరో సంచి దబ్బున పడేసినా, వెనక స్కూటరు హారన్ కొట్టినా ఒకసారి తల తిప్పి చూసి మళ్లీ యజమాని మొహం చూడాలి. పడుకోమంటే పది నిమిషాలు లేవకూడదు. కింద పడ్డ తిండిని వదలమంటే వదలాలి. కొత్తవాళ్లు దాటిపోతా ఉంటే వాసన చూడ్డానికి కూడా మూతి చాపకూడదు. ఇవన్నీ ఇంట్లో వస్తే చాలదు. ముందు గేటు బయట, తర్వాత తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద, ఆ తర్వాత కొట్లు తెరిచే వేళకు బజారు చివర. ఒక్కో మెట్టుకు రెండు మూడు వారాలు పడుతుంది. ఒకే చోట మూడుసార్లు తప్పిందంటే వెనక మెట్టుకు పోవాలి. చాలామంది ఇంట్లో 'సిట్' అంటే కూర్చుందని నేరుగా ట్రంకు రోడ్డుకు తెస్తారు. అక్కడ చెడుతుంది వ్యవహారం.

తాడు 4 అడుగుల నుంచి 6 అడుగుల చదును పట్టీ అయ్యుండాలి. లాగితే సాగి, మీట నొక్కితే చుట్టుకునే డబ్బా తాడు బజారుకు పనికిరాదు. ఐదు మీటర్ల దాకా సాగుతుంది, మీట నొక్కేలోపల కుక్క ఆటో కిందో పసిపిల్ల మీదో ఉంటుంది. సన్న తాడు పిక్కకు చుట్టుకుని లాగితే కోసుకుపోతుంది కూడా. పట్టీ చివర ఉచ్చులో బొటనవేలు దూర్చి మిగతాది అరచేతిలో మడిచి పట్టుకోవాలి. వేళ్లకు చుట్టుకుంటే కుక్క గుంజినప్పుడు వేలు విరుగుతుంది. మెడపట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. మూడు నాలుగు దూరేంత వదులుంటే వెనక్కి నడిచి తల బయటికి తీసేస్తుంది.

పెన్న గట్టు:

ఇన్ని పరీక్షలు పాసైన కుక్కకు ఆడనే సేల్సు ఉద్యోగం ఇచ్చెయ్యండి. సాయంత్రం ఆరింటికి చిన్నబజారులో మనిషి పక్కకు తిరగాలంటేనే ఎదుటోడి పర్మిషన్ కావాల. పది నిమిషాలు కుక్కను పడుకోబెట్టేది యాడబ్బా?

తిండి లైసెన్సులు:

తినేవి అమ్మే చోట అసలు ఈ చర్చే లేదు. కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2011 లైసెన్సు నిబంధనల్లో నాలుగో షెడ్యూలు తీసి చూడండి. చీడపీడల అదుపు దగ్గర జంతువులను, పక్షులను, పెంపుడు జంతువులను ఆహార సంస్థ ఆవరణలోకి రానివ్వకూడదని రాసి ఉంది. హోటలు, బేకరీ, మలై కాజా అమ్మే మిఠాయి కొట్టు మాత్రమే అనుకుంటారు. కిరాణా కొట్టు కూడా దాని కిందికే వస్తుంది.

నిజానికి అన్నిటికన్నా ప్రమాదం కిరాణాలోనే. కందిపప్పు, మినుములు, బియ్యం బస్తాల మూతులు మడిచి వరసగా నేల మీద పెడతారు కదా, ఆ మూతులు సరిగ్గా లాబ్రడార్ ముక్కు ఎత్తులో ఉంటాయి. ఒక్కసారి తుమ్మినా, నాలుక పెట్టినా ఆ బస్తా పై పొర ఎవరికి అమ్ముతారు? బస్తాలను చెక్క స్టాండు ఎక్కించి మూతలు పెడితే ఎలుకలకూ మందే. కుక్కతో వచ్చిన గిరాకీని పోగొట్టుకోనక్కర్లేదు, చీటీ తీసుకుని సరుకు బయటికే అందించండి. మందుల కొట్ల వాళ్లు కౌంటరు రోడ్డు వైపు పెట్టుకుని ఎప్పటినుంచో చేస్తున్న పనే.

కాలెత్తితే ఏం చెయ్యాలో కూడా చెప్తాను, ఎందుకంటే అందరూ తప్పే చేస్తారు. నేరుగా బ్లీచింగు పోస్తారు. మూత్రంలోని అమ్మోనియాతో బ్లీచింగు కలిస్తే కళ్లు, గొంతు మండే గాలి పుడుతుంది. ఏసీ వేసి తలుపు మూసిన కొట్లో అది చిన్న విషయం కాదు. ముందు పాత గుడ్డతోనో కాగితంతోనో తడి పీల్చెయ్యాలి, తర్వాత సబ్బునీళ్లు, తర్వాత ఎంజైము క్లీనరు పోసి పది పదిహేను నిమిషాలు వదిలి తుడవాలి. ఫినాయిలు వాసన కింద మనకు ఆ వాసన తెలియదు గానీ కుక్క ముక్కుకు తెలుస్తుంది, మళ్లీ వచ్చి అక్కడే ఎత్తుతుంది.

పశువైద్యం ఒంగోలు:

అందరూ మనుషుల ఇబ్బంది గురించే రాస్తున్నారు. కుక్క వైపు నుంచి చూసినా నేను వద్దనే అంటాను, ముఖ్యంగా మార్చి నుంచి జూన్ దాకా.

కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 ఫారెన్‌హీటు. మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పుతూ నాలుక మీద, నోట్లో తడి ఆరబెట్టుకునే చల్లబడాలి. మన తీరంలో గాలి తేమగా ఉంటుంది కాబట్టి ఎంత రొప్పినా ఆ తడి ఆరదు. రోహిణి కార్తెలో ట్రంకు రోడ్డు మీద పగ్గు, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు కుక్కను నడిపిస్తే వడదెబ్బకు పావుగంట చాలు. ఒంటి వేడి 104 దాటితే జాగ్రత్త పడాలి, 106 దాటితే లోపల అవయవాలు దెబ్బతింటాయి. నాలుక వెడల్పుగా సాగి ముదురెరుపు తిరగడం, చిక్కటి చొంగ, తూలుతూ నడవడం, ఇవి కనిపిస్తే బేరం వదిలేసి నీళ్లు పొయ్యాలి. పొట్ట, చంకలు, పాదాలు తడిపి ఫ్యాను గాలి తగలనివ్వాలి. ముందు చల్లబరచడం, తర్వాతే ఆస్పత్రి. తడి తువ్వాలు కప్పి అలాగే వదిలేస్తే కాసేపటికి అది దుప్పటిలా వేడిని లోపలే పట్టి ఉంచుతుంది.

తారు సంగతి సరేసరి. అరచేయి వెనక భాగం రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే ఆ రోడ్డు మీద కుక్క నడవకూడదు. అలాగని కారులో వదిలి వెళ్లడం ఇంకా ఘోరం. అద్దం కొంచెం దించినా ఎండలో నిలిపిన కారు లోపల పది నిమిషాల్లో దాదాపు 10 సెంటీగ్రేడు డిగ్రీలు పెరుగుతుంది.

కొట్టు నేల గురించి ఎవరూ రాయలేదు. నున్నటి విట్రిఫైడ్ టైల్సు మీద కుక్క గోళ్లు పట్టు దొరకక జారతాయి. జారిన కుక్క కాళ్లు వెడల్పు చేసి బిగుసుకుంటుంది, బిగుసుకున్న కుక్క దగ్గరికి అప్పుడే ఎవరో పిల్లవాడు 'డాగీ' అంటూ వస్తాడు. ఎస్కలేటర్ల మీద మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, మెట్టు చివర దువ్వెన పళ్లలో వేళ్లు ఇరుక్కుని తెగుతాయి. చంకనెత్తుకోలేనంత కుక్కయితే మామూలు మెట్లే.

కరవడానికి ముందు కుక్క చాలాసేపు చెబుతుంది. తిండి ఏమీ లేకుండా పెదాలు నాక్కోవడం, నిద్ర రాకుండా ఆవలించడం, తల అటు తిప్పి కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడటం, తోక బిగదీయడం. తోక ఊపితే స్నేహమే అనుకోవద్దు, ఒళ్లు బిర్రుగా ఉండి తోక కొస మాత్రమే వేగంగా ఆడితే అది హెచ్చరిక. గుర్రుమన్నదని కొట్టకూడదు. కొడితే గుర్రుమనడం మానేస్తుంది, చెప్పాపెట్టకుండా కరిచే కుక్క తయారవుతుంది.

మూతికట్టు అంటారా, ఎద్దు మూతికి కట్టే చిక్కం లాంటి బుట్ట రకం వాడాలి. అందులో నోరు తెరిచి రొప్పగలదు, నీళ్లు తాగగలదు. మూతిని నొక్కిపట్టే గుడ్డ పట్టీ సూది వేసే రెండు మూడు నిమిషాలకే. ఎండలో అది కట్టి బజారంతా తిప్పితే చేతులారా వడదెబ్బ తగిలించినట్టే.

మాగుంట లేఅవుట్ రెండు కుక్కలు:

డాక్టరు గారూ, మీరు చెప్పిన ఎండ సంగతికి తిరుగు లేదు. కానీ తెల్లారి ఏడింటికి, రాత్రి తొమ్మిది తర్వాత? శీతాకాలం? మనుషుల అలికిడే ఎరగని కుక్క రేపు ఇంటికి గ్యాస్ బండ తెచ్చినవాడిని కరుస్తుంది. పిల్లగా ఉన్నప్పుడే, మూడు వారాల నుంచి మూడు నెలల వయసులో, రకరకాల మనుషుల్ని, శబ్దాల్ని చూపించాలని మీ పుస్తకాలే చెప్తాయి కదా.

పశువైద్యం ఒంగోలు:

చెప్తాయి, నిజమే. అయితే ఆ వయసులో టీకాలు పూర్తి కావు. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరసు నేల మీద నెలల తరబడి బతుకుతుంది, బజారు నేల మీద ఎన్ని కుక్కలు తిరిగాయో ఎవరికి తెలుసు? పిల్లను చేతుల్లోనో బుట్టలోనో ఎత్తుకుని అరుగు మీద కూర్చోబెట్టి దూరం నుంచి చూపించండి, వినిపించండి. జనంలోకి దించితేనే అలవాటు అవుతుందనేది తప్పు. ఒక్కసారి తోక తొక్కించుకున్న పిల్ల ఆర్నెల్ల దాకా చెప్పుల శబ్దానికి ఉలిక్కిపడుతుంది.

సూదిమందు సిస్టర్:

ఒక్క మాట. నాలుగేళ్ల పిల్ల మొహం, పెద్ద కుక్క మూతి ఒకే ఎత్తు. పెద్దవాళ్లకు చేతికో కాలికో అయ్యే గాటు పిల్లలకు బుగ్గకు, పెదవికి, కంటికి అవుతుంది. మొహానికి, మెడకు అయిన గాటు మెదడుకు దగ్గర కాబట్టి రేబిస్ లెక్కలో కూడా అదే ఎక్కువ ప్రమాదం. బజారులో తల్లి చెయ్యి పట్టుకుని నడిచే పిల్ల జనం కాళ్ల మధ్య కుక్కను చూడదు, దాని మీదికే వచ్చి పడుతుంది.

కరిస్తే, గీరినా సరే, కుళాయి కింద సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు గడియారం చూసి కడగాలి. సున్నం, పసుపు, కారం, కాఫీ పొడి పెట్టకూడదు, కట్టు బిగించకూడదు. టీకా కండకు వేస్తే 0, 3, 7, 14, 28 రోజులు. చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజులు, ప్రతిసారీ రెండు చోట్ల 0.1 మి.లీ. చొప్పున. ఇక్కడ 0 అంటే మొదటి సూది పడిన రోజు. చర్మం చీలి రక్తం వచ్చిన గాటుకు టీకా సూదులు ఒక్కటే చాలవు, రేబిస్‌ను వెంటనే అడ్డుకునే సీరం, ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి. అది ముఖ్యంగా గాయం చుట్టూ, గాయం లోపలికే వెయ్యాలి. బరువును బట్టి లెక్క, మనిషి సీరం అయితే కిలోకు 20 యూనిట్లు, గుర్రం సీరం అయితే 40. 'పెంపుడు కుక్కేగా, పది రోజులు చూద్దాం' అని సూది ఆపేవాళ్లుంటారు. సూది మొదలుపెట్టి పది రోజులు కుక్కను చూడాలి, చూసి మొదలుపెట్టడం కాదు. గాయం లేని చర్మాన్ని నాకితే మాత్రం ఏమీ కాదు, కడుక్కుంటే చాలు.

చిన్నబజారు చీరలకొట్టు:

అయితే టీకా కాగితం చూసి రానిస్తే సరిపోద్దా? 'సర్టిఫికెట్ ఉన్న కుక్కలకే ప్రవేశం' అని రాస్తే?

పెన్న గట్టు:

సేల్సు పిల్లోడు జాకెట్టు ముక్క కొలిచేదా, కుక్క సర్టిఫికెట్ చదివేదా?

పశువైద్యం ఒంగోలు:

చదవడం కష్టం కాదు. టీకా పుస్తకంలో సీసా మీది స్టిక్కరు అతికించి ఉండాలి, దాని మీద బ్యాచి నంబరు, గడువు తేదీ ఉంటాయి. పక్కన వేసిన తేదీ, మళ్లీ వెయ్యాల్సిన తేదీ, డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు. మొదటి రేబిస్ టీకా మూడు నెలల వయసులో, నెలకు బూస్టరు, తర్వాత ఏటా. మొన్న వేయించామంటే లెక్కలోకి రాదు, రక్షణ రావడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. అసలు చిక్కు ఏమిటంటే, ఆ పుస్తకం ఈ కుక్కదేనని ఎలా తెలుస్తుంది? 15 అంకెల మైక్రోచిప్ ఉండి, దాన్ని చదివే యంత్రం ఉంటే తెలుస్తుంది. చీరల కొట్లో అది ఎందుకుంటుంది? పైగా టీకా రేబిస్‌ను ఆపుతుంది గానీ కాటును ఆపదు.

కావలి వకీలు:

సర్టిఫికెట్ బోర్డు పెట్టాలనుకునేవారు ఇంకో సంగతి ఆలోచించుకోవాలి. షరతు మీరే పెట్టి, తనిఖీ మీరే చేసి లోపలికి రానిచ్చాక ఎవరినైనా కరిస్తే, 'చూసే పంపారు కదా' అనే ప్రశ్న కుక్క యజమానితో పాటు మీకూ వస్తుంది. పూర్తిగా వద్దనడమో, తనిఖీ మాట లేకుండా నడవడిక షరతులు మాత్రమే రాయడమో మేలు.

ఇక చట్టం. ఇక్కడ మూడు సంగతులు కలిసిపోతున్నాయి. వాట్సాపులో 'సుప్రీంకోర్టు బజారుల్లో కుక్కల్ని నిషేధించింది' అని తిరుగుతున్నది వీధికుక్కల కేసు. 2025 ఆగస్టు 11న ఢిల్లీ, చుట్టుపక్కల వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమన్నారు. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల బెంచి దాన్ని మార్చి, పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసి టీకా వేసి పట్టిన చోటే వదలమంది. రేబిస్ ఉన్నవాటికి, మీదపడే వాటికి ఆ మినహాయింపు లేదు. రోడ్ల మీద ఎక్కడ పడితే అక్కడ మేత వెయ్యొద్దు, వార్డుకో చోటు కేటాయించమని కూడా చెప్పింది. నవంబరు 7న బడులు, ఆస్పత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి వీధికుక్కల్ని తీసెయ్యమని, వాటిని తిరిగి అక్కడ వదలకూడదని దేశమంతటికీ ఉత్తర్వు వచ్చింది. మన నెల్లూరు బస్టాండుకూ అది వర్తిస్తుంది. ఈ ఉత్తర్వుల్లో చీరల కొట్టు లేదు, తాడు కట్టిన పెంపుడు కుక్కా లేదు.

పెంపుడు కుక్కకు వర్తించేది భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను. తన దగ్గరున్న జంతువు వల్ల మనిషికి ప్రమాదం రాకుండా జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పాత శిక్షాస్మృతిలో ఇదే 289, అప్పుడు జరిమానా 1,000. కరిచేదాకా ఆగక్కర్లేదు, నిర్లక్ష్యం చాలు. అటువైపు, కుక్కను కొట్టి చంపినా కుంటిదాన్ని చేసినా 325 కింద అయిదేళ్ల దాకా ఉంది. 1960 నాటి జంతుహింస చట్టంలో మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు, టీ ఖర్చు.

మూడోది, కొట్టు మీది. కుక్కను రానివ్వమని మిమ్మల్ని బలవంతపెట్టే చట్టం ఏదీ లేదు. చూపులేని వ్యక్తికి దారి చూపే శిక్షణ పొందిన కుక్క మాత్రం వేరు. 2016 వికలాంగుల హక్కుల చట్టం వివక్ష కూడదంటుంది కాబట్టి బోర్డులో దానికి మినహాయింపు రాయండి. అలాంటి కుక్క మన జిల్లాల్లో కనబడేదే అరుదు, రాసినందుకు పోయేదేమీ లేదు.

జాతిని బట్టి బోర్డు రాద్దామని ఎవరైనా అనేలోపే చెప్తున్నా. 2024 మార్చిలో పిట్‌బుల్, రాట్‌వీలర్ లాంటి 23 జాతుల మీద కేంద్ర పశుసంవర్ధక శాఖ సర్క్యులర్ ఇచ్చింది, ఆ మరుసటి నెలలోనే కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. గేటు దగ్గర జాతి తేల్చగలిగేవాడు ఎవరు?

దర్గామిట్ట:

కొట్లు సరే, ఉత్సవాల సంగతి? రొట్టెల పండగ అయిదు రోజులు బారా షహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో జనం మోకాటి లోతు నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె అని చేతులు చాపుకుంటా ఉంటే కింద రొట్టె ముక్కలు పడతా ఉంటాయి. తిండి వాసన, తడి నేల, వెనక్కి అడుగు వెయ్యలేని జనం, పైన మైకులు. ఎంత శిక్షణ ఉన్న కుక్కకైనా అది చోటు కాదు. పైగా నమాజుకని చేతులు, మొహం, కాళ్లు కడుక్కుని వజూ చేసుకున్నోళ్లకు కుక్క చొంగ తగిలితే మళ్లీ కడుక్కోవాల. రంగనాయకుల గుడి దగ్గర మడితో వచ్చేవాళ్లకూ అంతే. దీంట్లో చర్చేముంది?

మాగుంట లేఅవుట్ రెండు కుక్కలు:

దాంట్లో చర్చేమీ లేదు భాయ్. అక్కడికి తెచ్చేవాడు కుక్కల్ని పెంచేవాడు కాదు, ఫోటోలు పెంచేవాడు.

కొత్తపట్నం తీరం:

బీచి కూడా కలపండి. కొట్లో వద్దన్నారని సాయంత్రం కొత్తపట్నానికో మైపాడుకో తెచ్చి తాడు విప్పుతారు. ఇసకలో కుక్క పెంట వదిలితే కొంకిపురుగు పిల్లలు అందులో బతుకుతాయి, ఒట్టి కాళ్లతో నడిచేవాళ్ల చర్మంలోకి దూరి వంకర గీతల్లా పాకుతూ దురద పెడతాయి. మూడు నెలలకోసారి నులిపురుగుల మందు, చేతిలో సంచి, ఈ రెండూ లేకపోతే బీచికి రావద్దు.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఇంకో కారణముంది. మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అడుగున్నర లోతు గుంట తవ్వి వంద దాకా గుడ్లు పెట్టి పూడ్చిపోతాయి, పిల్లలు బయటికి రావడానికి ఏడెనిమిది వారాలు. కుక్క ముక్కుకు ఆ గుంట దొరకడం ఎంతసేపు? వీధికుక్కలే తవ్వి తింటున్నాయి, పెంపుడువి వాటి వెంట నేర్చుకుంటాయి. అది 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జీవి. ఆ నెలల్లో రాత్రిళ్లు, తెల్లవారుజామున తాడు విప్పకూడదు.

చిన్నబజారు చీరలకొట్టు:

బీచికి ఇంకో చర్చ పెట్టుకోండన్నా, నా బోర్డు తేలనీండి. లోపలికి వద్దు, సరే. అయితే బయట స్తంభానికి కట్టేసి రమ్మని రాయొచ్చా?

మాగుంట లేఅవుట్ రెండు కుక్కలు:

దయచేసి ఆ మాట మాత్రం రాయొద్దు. అన్నిటికన్నా చెడ్డది అదే. చిన్నబజారులో ప్రతి సందుకూ నాలుగైదు వీధికుక్కల జట్టు ఉంటుంది, ఆ మలుపు దాకా వాటి రాజ్యం. కొత్త కుక్క స్తంభానికి కట్టేసి కనబడితే అవి చుట్టుముడతాయి. కట్టేసిన కుక్క పారిపోలేదు కాబట్టి తిరగబడుతుంది. మామూలుగా దూరం జరిగి తప్పుకునే కుక్క కూడా తాడు బిగిసేసరికి కరిచేదవుతుంది. చివరికి తాడో స్టాండు బోర్డో తెంపుకుని ఎటు పరిగెత్తుతుందంటే, యజమాని వెళ్లిన వైపుకే, అంటే మీ పరుపు మీదికే.

తెచ్చినవాళ్లు ఇద్దరుంటే ఒకరు బయట నీడలో కుక్కతో ఉండాలి, ఒకరు లోపలికి రావాలి. ఒక్కరే అయితే కుక్కను తేకూడదు. వీధికుక్కలు ఎదురైతే పరిగెత్తొద్దు, కుక్కను చంకనెత్తొద్దు, ఎత్తితే అవి మీ నడుం మీదికి ఎగురుతాయి. కుక్కను వెనక్కి తీసుకుని, మధ్యలో సంచో గొడుగో అడ్డం పెట్టి, వాటి కళ్లలోకి చూడకుండా పక్కకు నడుస్తూ మలుపు దాటాలి. దాటాక అవే ఆగిపోతాయి.

సూదిమందు సిస్టర్:

కొట్లాట మొదలైతే మధ్యలో చెయ్యి పెట్టొద్దని కూడా రాయండి. విడదీయబోయి చేతికి గాట్లు పడేవి పెంపుడు కుక్క యజమానులకే. నీళ్లు కుమ్మరించాలి, లేదంటే రేకు ముక్కో అట్టో మధ్యలో దూర్చాలి.

తిండి లైసెన్సులు:

బయట నీళ్ల గిన్నె పెట్టే కొట్లు ఉన్నాయి, మంచి మనసే. కానీ గడప పక్కన పెడితే వీధికుక్కలు అక్కడే మకాం వేస్తాయి, సాయంత్రానికి గిన్నె కోసం గుర్రులు. మూడు కొట్ల అవతల, నడిచే దారికి పక్కగా పెట్టి రెండు పూటలా కడగండి. రోజూ కడగని గిన్నెలో దోమ గుడ్లు పెడుతుంది.

చిన్నబజారు చీరలకొట్టు:

సరే. పెయింటరుకు ఇచ్చేది ఇదీ, తప్పులుంటే చెప్పండి:

'కుక్కలను లోపలికి తీసుకురావద్దు. బయట స్తంభానికి కట్టివేయవద్దు. కుక్క తోడున్నవారు పిలిస్తే చీరలు గడప దగ్గరికే తెచ్చి చూపిస్తాము. చూపులేనివారికి దారి చూపే కుక్కకు అభ్యంతరం లేదు.'

పెన్న గట్టు:

గడప దగ్గరికి పట్టుచీరలు తెచ్చి కుక్క ముందే విప్పుతావా సామీ? మొదట చెప్పిన గోరు, జరీ పోగు అప్పుడే మర్చిపోయినావా?

చిన్నబజారు చీరలకొట్టు:

నిజమేనబ్బా. 'గడప దగ్గరికే' తీసేసి 'ఫోన్ చేస్తే చీరల ఫోటోలు పంపుతాము' అని పెడతా. కింద నంబరు.

సూదిమందు సిస్టర్:

బోర్డు నెత్తి మీద షట్టరుకు కొట్టొద్దన్నా, అక్కడ ఎవరూ చూడరు. గాజు తలుపు పిడికి జానెడు పైన స్టిక్కరు వెయ్యండి, తలుపు నెట్టే ముందు కన్ను పడేది అక్కడే. చదువు రానివాళ్లకు గీత కొట్టిన కుక్క బొమ్మ కూడా.

చిన్నబజారు చీరలకొట్టు:

బొమ్మతో కలిపి అడుగు వెడల్పు, అడుగున్నర పొడుగు సరిపోద్ది గదా అక్కా?

సూదిమందు సిస్టర్:

సరిపోతుంది. ఎర్ర అక్షరాలు ఎండకు ఆర్నెల్లలో వెలిసిపోతాయి, నలుపు వేయించండి.